తోక లేని పేర్లు

ఇంకా సగం కూడా కాలేదు. తెర మీద పచ్చగీత చీమనడక నడుస్తోంది, నడవనీ, ఎంత ఆలస్యమైతే అంత మేలు ఇప్పుడు, మొదలెట్టినప్పుడు మాత్రం ఇదే గీత పరుగులు తీయాలని కోరుకున్నది తనే కదా, ఇస్త్రీ బల్ల మీద పాత దుప్పటి మడతపెట్టి పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, అక్క చెవి వెనక తగిలించుకునే ఆ చిక్కుడుగింజంత యంత్రాన్ని బట్టల క్లిప్పుతో కదలకుండా బిగించి, దాని పొట్టలోకి వెంట్రుకల్లాంటి తీగలు అతికించి, "ఒక్క గంట. నీ చెవి నీకిచ్చేస్తా, సరేనా?" అని పెదవులు సాగదీసి మరీ చెప్పింది పిచ్చిక. పిచ్చిక అనేది అక్క పెట్టిన ముద్దుపేరు, పుట్టిన దగ్గర్నుంచీ నోరు మూతపడని పిల్లకి అంతకంటే నప్పే పేరు ఇంకోటి దొరకలేదట. ఇప్పుడు ఆ నోరు పెగలడం లేదు. అక్క గదికి అవతలి మూల కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతోంది, మధ్యమధ్యలో తలెత్తి ఇటు చూస్తోంది, చూసినప్పుడల్లా పిచ్చిక మొహానికి ఒక నవ్వు తగిలించుకుంటోంది. కరెంటు తగ్గుతుందేమోనని ఇస్త్రీపెట్టె తీసేశారు, దుకాణం షట్టర్ సగం దించేశారు, పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లు, బిగువు వదలాల్సిన చొక్కాలు కుర్చీ మీద గుట్టపడి ఉన్నాయి. అన్నీ ఈ గంట కోసమే ఆగాయి.

ఎందుకు చూడాలి అసలు ఆ కాగితాలు, బుద్ధి ఉండక్కర్లేదా, లోడ్ అయ్యేదాకా టీ తాగుతూ కూర్చోవచ్చు, షట్టర్ కింద నుంచి వీధిలో నడిచే కాళ్ళని చూస్తూ కూర్చోవచ్చు, లేదు, ఊరుకోదు కదా ఈ చెయ్యి, యంత్రంలోని చిప్పుకి ఒక్కో పని ఆదేశించడానికి పొద్దున తను రాసిన అసెంబ్లీ కోడ్ అచ్చుకాగితాలు తీసింది, తన పనితనాన్ని తనే మెచ్చుకుందామని కాబోలు. రెండో కాగితం మధ్యలో చూపు ఆగింది. ఉన్నది మూడే వరసలు. 'ఇది ముట్టుకోకూడని పేజీయేనా చూడు' అని ఒకటి. 'అయితే తర్వాతి ఆదేశాన్ని దాటెయ్' అని రెండోది. 'పేజీ తుడువు' అని మూడోది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! పేజీలంటే ఆ చిప్పు జ్ఞాపకంలోని గళ్ళు, వాటిలో ముట్టుకోకూడనివి రెండే, చివరి రెండూ, ఒకదాంట్లో యంత్రాన్ని నిద్రలేపే బూట్‌లోడర్ ఉంటుంది, ఇంకోదాంట్లో అక్క వినికిడి ఉంటుంది, అంటే ఆపరేషన్ చేసి అక్క చెవి లోపల పెట్టిన సన్నతీగకి ఎక్కడెక్కడ ఎంతెంత కరెంటు ఇవ్వాలో ఏళ్ళ తరబడి సర్దుకుంటూ వచ్చిన అంకెలు. మిగతా పేజీలన్నీ తుడిచి, చెడిపోయిన ప్రోగ్రామ్‌ని మళ్ళీ రాయాలి, ఆ రెండిటినీ మాత్రం దాటెయ్యాలి. కానీ 'పేజీ తుడువు' అనేది ఆదేశం కాదు, మాక్రో, ప్రతిసారీ అంతా రాయలేక పెట్టుకున్న పొట్టిపేరు, కాగితం మీద ఒక్క వరస, చిప్పులోకి వెళ్ళేసరికి రెండు ఆదేశాలు, 'గడియ తియ్యి' ఒకటి, 'తుడిచెయ్' ఇంకోటి. దాటెయ్యమంటే చిప్పు ఎన్ని దాటుతుంది? ఒక్కటే, దానికి చేతనైంది అంతే, మనం పెట్టుకున్న పేర్లు దానికేం తెలుసు. గడియ తియ్యడం దాటింది. తుడవడం దాటలేదు.

ఉండు, ఉండు, అప్పుడే ఏడవకు, గడియ సంగతి ఒకటి ఉంది కదా. ఈ చిప్పు రెండు రకాలుగా వచ్చింది. కొత్త రకంలో ఒక్కో పేజీ తుడవగానే గడియ దానంతట అదే పడిపోతుంది, గడియ తియ్యకుండా తుడవమంటే చిప్పు చెవిన పెట్టదు, అలాగైతే ఆ రెండు పేజీలూ క్షేమం, దేవుడున్నట్టే. పాత రకంలో ఒకసారి తీసిన గడియ కరెంటు పోయేదాకా తెరిచే ఉంటుంది, ముందు పేజీ కోసం తీసిన గడియలోంచి తర్వాత పేజీ కూడా పోతుంది. మరి అక్కది ఏ రకం? యంత్రం వెనక చెక్కిన నంబరు చూస్తే తెలిసేది, అక్క చెమటకీ వేలి రాపిడికీ అది ఎప్పుడో అరిగిపోయింది, సూదిలో దారం ఎక్కించడానికి అక్క వాడే భూతద్దం పెట్టి చూసింది పిచ్చిక, సున్నా లాంటిది ఒకటి కనిపించింది, ఎనిమిది కూడా కావచ్చు. పోనీ ఇప్పుడు ఆపేస్తే? ఆపినా అంతే, ఆపకపోయినా అంతే, తుడవడం మొదటి నిమిషంలోనే అయిపోయింది, ఇప్పుడు జరుగుతున్నది రాయడం, అది కరెంటు ఉన్నంతసేపే నిలిచే వేరే జ్ఞాపకంలోంచి నడుస్తోంది. రాయడం అనే మాక్రోలో ఉన్నది ఒక్క ఆదేశమే, అందుకని అక్కడ దాటెయ్యడం చక్కగా పనిచేస్తుంది, ఆ రెండు పేజీల్లో ఒక్క అక్షరం కూడా రాయదు. తుడవకూడని చోట తుడిచి, రాయాల్సిన చోట రాయనంటోంది, ఇంత నిక్కచ్చిగా తను ఏ పనీ చెయ్యలేదు జన్మలో. గీత చివరికి వెళ్ళాక చిప్పు బూట్‌లోడర్ కోసం వెతుక్కుంటుంది, అది అక్కడుంటే యంత్రం మీద పచ్చదీపం రెండుసార్లు మిణుకుమంటుంది, లేకపోతే లేదు, ఇంక ఎప్పటికీ లేదు. బూట్‌లోడర్ సాయం లేకుండా బయట నుంచి చిప్పులోకి రాసే దారిని ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా మూసేశారు, ఆ యంత్రాలు చేసిన కంపెనీ మూతపడింది, వేరే కంపెనీల యంత్రాలకి అక్క తలలో ఉన్న తీగతో మాట్లాడటం రాదు. కొత్త తీగ పెట్టడానికి కుదరదని, లోపల ఎముక పెరిగిపోయిందని సర్జన్ ఎప్పుడో చెప్పేశాడు.

ఆ మూతపడిన కంపెనీలోనే పిచ్చిక పనిచేసింది, చదువు అవగానే, వేరే ఎక్కడికీ అప్లికేషన్ కూడా పెట్టలేదు, అక్క చెవిలో పనిచేసేది తన కోడ్ కావాలని ఆశ, ఆశంటే ఆశే, దానికి పేరు మార్చి చెప్పడం ఎందుకు. అక్కడ బూట్‌లోడర్ రాసే గదిలో పెద్దాయన ఉండేవాడు, అందరికీ పెద్దాయనే, ఆయనకంటే పెద్దవాళ్ళకి కూడా. ఆయన గదిలో ఒక పద్ధతి ఉండేది, బయటివాళ్ళు చూస్తే నవ్వేవాళ్ళు, ప్రతి మాక్రో పేరు చివరా లోపల ఎన్ని ఆదేశాలున్నాయో ఆ అంకె తగిలించాలి, తుడువు-రెండు, రాయి-ఒకటి, ఆగు-ఐదు, మర్చిపోతే ఆ పూట అందరికీ టీ వాళ్ళే పెట్టాలి. "పేరు బాగుందని ఇల్లు అద్దెకి తీసుకోకండి, లోపల ఎంతమంది ఉన్నారో చూసుకోండి" అనేవాడు. దాటెయ్యమనే ఆదేశం పక్కన 'రెండు' అనే తోక కనిపిస్తే చాలు, ఎంత నిద్రమత్తులో ఉన్నా చెయ్యి ఆగిపోయేది, అదీ ఆ తోకల పని. పిచ్చికకి మాత్రం ఆ తోకలు చూస్తే ఒళ్ళుమంట, ఏవిటీ వికారం, వాక్యంలా చదువుకోవాల్సిన కోడ్‌ని లెక్కల ఎక్కంలా చేశారని సణిగేది. కంపెనీ మూసేసే రోజుల్లో తన మాక్రోలన్నీ ఇంటికి తెచ్చుకుంది, తెచ్చుకుని ఒక ఆదివారం కూర్చుని తీరిగ్గా తోకలన్నీ కత్తిరించింది, ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మురిసిపోయింది, పొద్దున వాడింది ఆ శుభ్రమైన వాటినే. అంత తెలివి.

"ఏమే, అలా ఉన్నావేం? ఆకలేస్తోందా?" అంది అక్క గట్టిగా. యంత్రం చెవికి లేనప్పుడు అక్క గొంతు అంతే, పక్క దుకాణం వాడు కూడా జవాబు చెప్పేంత, తన గొంతు తనకి వినపడదు కదా, ఎంత పలుకుతోందో తెలియదు. యంత్రం పెట్టుకున్న మరుక్షణం ఆ గొంతు సగానికి సగం తగ్గిపోయేది, కొత్తవాళ్ళు ఇద్దరు వేరే మనుషులనుకునేవాళ్ళు. లేదని తలూపింది పిచ్చిక. "అబద్ధం, నీ మొహం నాకు తెలీదా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు" అని అక్క డబ్బా మూత తీసి నాలుగు బిస్కెట్లు చేతిలో పెట్టి వెళ్ళి కూర్చుంది. బిస్కెట్లు చేతిలోనే ఉన్నాయి. చిన్నప్పుడు కూడా అంతే, అమ్మ పనికి వెళ్ళేది, తినిపించేది, జడ వేసేది, బడికి దింపేది అక్కే, మెదడుకి పట్టిన జ్వరానికి వినికిడి పోగొట్టుకుని ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినప్పుడు అక్కకి పదకొండేళ్ళు, పిచ్చికకి నాలుగు, గుమ్మంలోనే కాళ్ళకి చుట్టేసుకుని ఏకధాటిగా ఏవేవో చెప్పేసిందట, అక్క వంగి దాని నోటి మీద వేలుపెట్టి తడిమి చూసిందట, కదులుతోంది, మరి మాటేదీ అని. నిశ్శబ్దం అనుకుంటారే అందరూ, నిశ్శబ్దమైతే ఎంత బాగుండేదో, అంది అక్క ఒకసారి, లోపల ఎవరో రంపం కోస్తూనే ఉంటాడే, అన్నం తినేటప్పుడూ కోస్తాడు, పడుకున్నప్పుడూ కోస్తాడు, ఒక్క క్షణం ఆపడు. యంత్రం పెట్టుకుంటే రంపం ఆగుతుంది. వినపడటం కంటే ముందు అక్కకి కావలసింది అది, రంపం ఆగడం, అది పిచ్చికకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

యంత్రం మొదటిసారి వేసిన రోజు, తెల్లటి గది, చెవి డాక్టరమ్మ అంకెలు ఒక్కొక్కటే పెంచుతూ పోతోంది, అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఎదురుగా పిచ్చిక నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, ఎప్పుడూ ఆగని నోరు ఆ రోజే ఆగిపోయి, చివరికి "అక్కా" అంది. అక్క చుట్టూ చూసింది. మళ్ళీ "అక్కా" అంది. "నువ్వేనా?" అంది అక్క, ఎంత మెల్లగానో, పక్కన ఉన్న డాక్టరమ్మకి కూడా వినపడలేదు, "ఇంత సన్నగా ఉంటుందా నీ గొంతు, ఏదో గిన్నెలో గరిటె పడ్డట్టు ఉంటుందనుకున్నా ఇన్నేళ్ళూ." నవ్వింది, ఏడ్చింది, రంపం ఆగింది అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళారో ఆ గదికి, ఈ శబ్దం గుచ్చుకుంటోంది, ఇది చాలట్లేదు, నీళ్ళ చప్పుడు కాగితం చింపినట్టుంది, అని అక్క చెప్పడం, డాక్టరమ్మ ఒక అంకె దించడం, ఇంకోటి ఎత్తడం, చొక్కాకి భుజం దగ్గర ఎంత వదలాలో అక్క కంటితోనే చెప్పేసినట్టు తన చెవిని తనే కుట్టుకుంది అక్క ఆ గదిలో. బావ సిటీ బస్సు నడుపుతాడు, మాటకారి, పాపం పెళ్ళైన కొత్తల్లో లైటు తీసేశాక మాట్లాడటానికి లేదు, పెదాలు కనపడవు కదా, ఏదైనా చెప్పాలంటే లేచి లైటు వేసేవాడు, యంత్రం వచ్చాక చీకట్లో కబుర్లు చెప్పుకోవడం మొదలెట్టారు, ఏం చెప్పుకుంటారో, బస్సులో ఎవరు ఎవరితో గొడవపడ్డారో అన్నీ అక్క పొద్దున్నే పూసగుచ్చినట్టు చెప్పేది. ఆ అంకెలు ఆ చిప్పులో తప్ప ఎక్కడా లేవు, డాక్టరమ్మకి కంపెనీ ఇచ్చిన కంప్యూటర్‌లో ఉండేవి, అవి కంపెనీతోపాటే పోయాయి. చివరి పేజీ, ముట్టుకోకూడని పేజీ, ఒక కాపీ తీసి పెట్టుకోవచ్చుగా అంటే చిప్పు ఎవరికీ చదవనివ్వదు, రోగి రహస్యమట, చదవడానికి లేదు కానీ తుడవడానికి ఉంది.

గీత ఎంతదాకా వచ్చింది? మూడొంతులు. ఫోన్ తీసింది, పెట్టేసింది, మళ్ళీ తీసింది, గోడవైపు తిరిగి నిలబడింది, అక్కకి పెదాలు కనపడకుండా. పెద్దాయన రెండో రింగుకే ఎత్తాడు.

"అమ్మాయ్! ఏంటి, గుర్తొచ్చామా?"

"సార్, మన చిప్పులో... పేజీ తుడిచాక గడియ దానంతట అదే పడుతుందా?"

"పాత రకంలో పడదు, కొత్తదాంట్లో పడుతుంది. ఇప్పుడెందుకది?"

"అక్కది ఏ రకం అయ్యుంటుంది సార్?"

అటునుంచి గొంతు మారింది. "మీ అక్కది మనం పెట్టిన మొట్టమొదటి వాటిల్లోది కదమ్మా. అప్పటికి కొత్త రకం ఇంకా రాలేదు. ఏం చేశావు?"

చెప్పింది. మూడు వరసలూ చదివింది. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు, 'పేజీ తుడువు' దగ్గరికి రాగానే ఊఁ కొట్టడం ఆగింది. "తోకేదమ్మా?" అన్నాడు.

"తీసేశాను సార్."

తిడతాడనుకుంది, తిడితే బాగుండనుకుంది, ఆయన తిట్టలేదు. "అక్క పక్కనే ఉందా?" అని మాత్రం అడిగాడు, ఉందంటే, "సరే, అయ్యేదాకా ఉండు. ఒక్కదాన్నే వదిలి బయటికి పోకు" అని పెట్టేశాడు. ఉండు అంటే ఏంటి అర్థం, ఆశ ఉందనా, లేదనేగా, ఆశ ఉంటే ఆయన ఊరుకునే మనిషి కాదు, ఇది చెయ్యి అది చెయ్యి అని వంద చెప్పేవాడు.

"గోడకేసి తిరిగి మాట్లాడితే నాకు తెలీదనుకున్నావేమిటే" అంది అక్క, వీధి అంతా వినేలా, "నీ వీపు కూడా వాగుతుంది. ఎవడే వాడు?" పిచ్చికకి నవ్వొచ్చింది, నిజంగానే నవ్వొచ్చింది, కళ్ళు నిండిపోయాయి, అక్క అది చూసి, "అబ్బో, ఏడిపించే అంతటివాడా!" అని సాగదీసి, మిషన్ తొక్కడం మొదలెట్టింది, అరచెయ్యి మిషన్ తల మీద ఆనించి, చప్పుడుని చేత్తోనే వింటుంది అక్క, దారం తెగినా, సూది మొద్దుబారినా ముందు చెయ్యికి తెలుస్తుంది. ఇంక ఆ చెయ్యే ఉంటుంది అక్కకి. ఆ చెయ్యీ, రంపం. ఎలా చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, చిప్పు పాడైపోయింది అంటే చాలా, నేను పాడు చేశాను అనాలా, ఆ మధ్య క్లినిక్‌వాళ్ళు ప్రోగ్రామ్ ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయి చెడినప్పుడు కూడా బూట్‌లోడర్ బతికే ఉంది, అంకెలు బతికే ఉన్నాయి, అలా వదిలేసినా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు బాగుచేసేవాళ్ళేమో. నేను చేస్తాను, నా చేతికివ్వు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు, అని అడిగి మరీ తీసుకుంది. అక్క మారుమాట లేకుండా చెవి తీసి చేతిలో పెట్టింది. నీకంటే ఎవరికి తెలుసే అంది.

గీత చివరికొచ్చింది. రావద్దనుకుంటే ఇప్పుడు పరిగెత్తింది. అయిపోయింది అని తెర మీద ఒక మాట పడింది, పచ్చదీపం ఉండే చోట పిచ్చిక చూపు పాతేసింది, ఒకటి, ఒకటి వెలిగితే చాలు, రెండోది తర్వాత చూసుకోవచ్చు, తెరలో తన మొహమే కనిపిస్తోంది, బయట వీధిలో ఎవరిదో బండి వెళ్ళింది. వెలగలేదు. తీగ ఊడిందేమోనని నొక్కి చూసింది, బ్యాటరీ మార్చింది, కరెంటు తీసి పెట్టింది, మళ్ళీ తీసి పెట్టింది, తనకి తెలుసు, తెలిసే చేస్తోంది, చేతులు ఊరుకోవు కదా. అక్క ఎప్పుడు లేచిందో, పక్కకొచ్చి నిలబడి ఉంది. యంత్రాన్ని క్లిప్పులోంచి తీసుకుంది, దారాలు తెంపే చిన్న కత్తెర తెచ్చి వెంట్రుకల్లాంటి ఆ తీగల్ని ఒక్కొక్కటే పుటుక్కు పుటుక్కున కత్తిరించేసింది, కుట్టు అయిపోయిన బట్టకి చేసినట్టే, రుమాలుతో తుడిచి మూత బిగించుకుని, చెవి వెనక తగిలించుకుంది. జుట్టు లోపల యంత్రం తాలూకు అయస్కాంతం తలకి అతుక్కున్న చిన్న చప్పుడు పిచ్చికకి వినిపించింది.

తట్టుకోలేకపోయింది. గోడవైపు తిరిగిపోయింది. ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని, గోడ మీద సుద్దముక్కతో గీసిన ఎవరివో కొలతలు చూస్తూ, "నేనే పాడు చేశానక్కా, ఇంక రాదు, ఇంకెప్పటికీ వినపడదు నీకు, అంతా నేనే తుడిచేశాను" అంది, అన్నది సన్నగానే, గిన్నెలో గరిటె పడ్డట్టు కూడా లేదు, గోడకి మాత్రం వినిపించి ఉంటుంది. భుజాలు ఆగడం లేదు. వెనక నుంచి అక్క చెయ్యి వచ్చి వీపు మీద పడింది, అరచెయ్యి మొత్తం ఆనించి, మిషన్ తల మీద పెట్టినట్టే, కాసేపు అలాగే ఉంచింది.

"వినిపిస్తోందే!" అని అరిచింది అక్క, "నీ గొంతే! అప్పటిలాగే సన్నగా ఉంది! బాగుచేశావే పిచ్చికా!"

షట్టర్ కింద నుంచి ఎవరో వంగి లోపలికి చూశారు. "పిలిచారామ్మా? నా ప్యాంటు అయిపోయిందా?" అన్నారు. మళ్ళీ అడిగారు. అక్క అటు తిరగలేదు.